కదపని స్లైడర్

"రోజంతా అలా మైకులో మాట్లాడుతూ కూర్చుంటే నీ గొంతేమైపోతుందే తల్లీ?"

అమ్మ ఈ మాట అనేనాటికి ఇంకా ఏమీ జరగలేదు. కూతురికి బస్ స్టేషన్‌లో అనౌన్సర్ ఉద్యోగం వచ్చినట్టు కాగితం చేతికందింది, అంతే. ఆ కాగితం మడత కూడా పూర్తిగా విప్పలేదు.

"గట్టిగా అరవకుండా ఉండటానికేగా అమ్మా మైకు పెట్టేది!" అని నవ్వింది అమ్మాయి.

"మధ్యలో మంచినీళ్ళు తాగనిస్తారా? ఆ గదికి కిటికీ ఉందా? బస్సుల పొగంతా లోపలికొస్తే?"

"ఏమోయ్ వాతావరణ శాఖా," అన్నాడు నాన్న, కంటికి భూతద్దం పెట్టుకుని, విప్పిన గడియారంలోంచి తల ఎత్తకుండానే. "ఇంకా మబ్బే పట్టలేదు. అప్పుడే తుఫాను హెచ్చరిక ఇచ్చేశావా?"

నాన్నది గడియారాల రిపేరు పని. ముందు గదిలో సగం ఆయన బల్లే. అమ్మ యూనిఫారాలు కుట్టే షాపులో కాజాలు తీసి గుండీలు కుడుతుంది. ఇరవై ఏళ్ళలో సూది ఒక్కసారి కూడా ఆమె వేలికి దిగలేదు. అయినా ప్రతి ఉదయం ఇవాళ దిగుతుందేమోనన్న భయంతోనే దారం ఎక్కిస్తుంది. భయపడటం ఆమెకి ఇంటిపనిలో భాగం. ఒక్కరోజు మానేస్తే స్టవ్ ఆర్పడం మర్చిపోయినట్టు ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే అమ్మాయి ఎవరితోనో తగాదా పెట్టుకుని వచ్చింది.

"బోర్డు మీద మూడో ప్లాట్‌ఫారం అని వేశాడమ్మా. నా కాగితంలో ఐదు. నేను ఐదని చెప్పేసరికి జనం సగం అటు, సగం ఇటు. వెళ్ళి అడిగితే ఏమన్నాడో తెలుసా? 'బోర్డు తప్పు చెప్పదండీ, మనుషులే చెబుతారు' అట!"

"ఎవరే అతను?"

"ఆ బోర్డులు నడిపే కంప్యూటర్ గదిలో ఉంటాడు. మనిషి కూడా బోర్డులాగే ఉంటాడు. నాలుగు మాటలు వెలుగుతాయి, ఆరిపోతాయి."

"నువ్వేమన్నావు మరి?"

"మీ బోర్డుకి నోరు లేదు కాబట్టి నా చేతిలో బతికిపోయింది అన్నాను."

"అయ్యయ్యో! అలా అంటే పగ పెట్టుకోడూ? అయినా అంత జనంలో ఎవరైనా కింద పడి ఉంటే?"

"ఎవరూ పడలేదులే." అమ్మాయి చెప్పులు విప్పుతూ కాస్త గొంతు తగ్గించింది. "తర్వాత తెలిసింది, తప్పు నా కాగితానిదే. వెళ్ళి సారీ చెప్పాను. బోర్డు నవ్వింది."

అదిగో, ఆ నవ్వు దగ్గర అమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

ఆ రోజు నుంచీ ఇంట్లో బోర్డు కబుర్లే. బోర్డు గొడుగు మర్చిపోయింది. బోర్డుకి జలుబు చేసింది. వానకి మైకు గది కారి కుర్చీ తడిసిపోతే, బోర్డు తన కుర్చీ తెచ్చి వేసి, తను పూటంతా నిలబడి పనిచేసింది. అమ్మ అన్నీ విని, ఒక్కో కబురు పక్కన ఒక్కో భయం కుట్టి పెట్టుకునేది. మంచివాడేనా? మంచివాడే అనుకో, రేపు ఇంకో ఊరికి బదిలీ చేసేస్తే?

ఎనిమిది నెలలకి అమ్మాయి గొంతు బొంగురుపోయింది. కషాయాలు తాగింది, ఆవిరి పట్టింది, తగ్గలేదు. ఒక మధ్యాహ్నం ఏడో ప్లాట్‌ఫారం అని చెప్పబోతే గాలి మాత్రమే వచ్చిందట.

"స్వరతంతువు మీద చిన్న బొడిపె ఉంది. తీసేద్దాం," అన్నాడు గొంతు డాక్టరు. "తర్వాత మూడు వారాలు మాటన్నదే ఉండకూడదు. గుసగుస కూడా వద్దు. గుసగుస ఇంకా చేటు."

"ఆ తర్వాత గొంతు వస్తుందిగా డాక్టరు గారూ?"

"చాలామందికి వస్తుందమ్మా."

అందరికీ అనలేదు. చాలామందికి అన్నాడు. అమ్మ ఆ ఒక్క మాటా కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది. తనెప్పుడో నోరు జారి అన్నదే తిరిగొచ్చి పిల్ల గొంతులో కూర్చుందనిపించింది. ఈ సంగతి మాత్రం నాన్నతో కూడా చెప్పలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజు నుంచి అమ్మ షాపుకి వెళ్ళక తప్పలేదు. వెళ్ళిందేగానీ, రెండు కాజాలకోసారి ఫోన్ తీసి 'ఎలా ఉంది' అని మెసేజ్ పెట్టేది. 'బాగానే ఉంది' అని అమ్మాయి జవాబు. 'బాగానే అంటే ఎంత బాగా? నిన్నటికంటేనా? దాచకు' అని మళ్ళీ అమ్మ.

ఆ సాయంత్రం తలుపు తీస్తే, సంచీ నిండా బత్తాయిలు పట్టుకుని సన్నగా పొడుగ్గా ఒక అబ్బాయి నిలబడి ఉన్నాడు.

"నమస్కారమండీ. బోర్డంటే నేనే."

లోపల మంచం మీద అమ్మాయి దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. అతని వెనకాల తను పెట్టిన పేరు అతనికి ఎలా తెలిసిందో!

కూర్చున్న కాసేపట్లోనే తల్లీ కూతుళ్ళ తగువు అతనికి అర్థమైంది. అమ్మ ఫోన్ చూపించి మొరపెట్టుకుంటుంటే, అమ్మాయి నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసింది: 'ఇవాళ ముప్పై ఎనిమిదిసార్లు అడిగింది!'

"ఆంటీ, మీకు కావలసింది మాట కాదు, అంకె," అన్నాడు బోర్డు అబ్బాయి.

రెండు రోజుల తర్వాత అమ్మాయి పాత ల్యాప్‌టాప్‌లో చిన్న ప్రోగ్రాం పెట్టి అమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తెర మీద చిన్న కిటికీలా తెరుచుకుంది. అందులో ఒక అడ్డగీత, గీత మీద గుండ్రంగా ఒకటి.

"దీన్ని స్లైడర్ అంటారండీ. ఎడమ చివర సున్నా, అంటే నొప్పి లేదని. కుడి చివర వంద, అంటే భరించలేనని. ఈ గుండ్రటిది పట్టుకుని ఎక్కడికి జరిపితే అక్కడి అంకె పక్కన కనిపిస్తుంది. జరిపి వదలగానే ఆ అంకె మీ ఫోన్‌కి వస్తుంది."

"ఈ గుండీయేనా?"

"ఆ, గుండీయే."

అమ్మ భయంభయంగా మౌస్ పట్టుకుని గుండీని ఇటు జరిపింది, అటు జరిపింది. కొంగున ఉన్న ఫోన్ టింగుమంది. ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది.

"గుండీ వంద దాటిపోతే?"

"దాటదండీ. అక్కడ ఆగిపోతుంది."

"గీత అయిపోయినా దాని నొప్పి అయిపోకపోతే?"

ఇలాంటివి అడిగితే నాన్న నవ్వుతాడు, షాపులో వాళ్ళు నవ్వుతారు. ఈ అబ్బాయి నవ్వలేదు. కాసేపు ఆలోచించాడు.

"అప్పుడు నాకు ఫోన్ చెయ్యండి. నేనొస్తాను."

తన భయానికి ఎవరైనా తిన్నగా జవాబు చెప్పడం అమ్మకి అదే మొదటిసారి.

రోజూ పొద్దున తొమ్మిదింటికి అంకె వచ్చేది. అరవై. యాభై ఐదు. నలభై. పదో రోజు తొమ్మిదైంది, ఫోన్ మోగలేదు. తొమ్మిదీ పది. తొమ్మిదింబావు. మెసేజ్ పెడితే జవాబు లేదు. అమ్మ ఉన్నపళంగా లేచింది. మెడలో టేపు, చేతిలో కత్తెర, భుజాన సగం కుట్టిన చొక్కా. అలాగే రోడ్డు దాటి, వచ్చే బండి హారన్ కూడా వినిపించుకోకుండా, పరుగు లాంటి నడకతో ఇంటికొచ్చి పడింది. దారిలోనే బోర్డు అబ్బాయికి ఫోన్ చేసి ఏడ్చింది.

అమ్మాయి స్నానం చేసి వచ్చి తల తుడుచుకుంటోంది. కత్తెరతో గుమ్మంలో నిలబడిన తల్లిని చూసి హడలిపోయింది.

పది నిమిషాల్లో బోర్డు అబ్బాయి కూడా రొప్పుతూ వచ్చాడు. ల్యాప్‌టాప్ చూసి తల పట్టుకున్నాడు.

"నిన్న నలభై. ఇవాళా నలభయ్యే. గుండీ ఉన్నచోటే ఉందని ఈమె ముట్టుకోలేదు. కదిపితేనే ప్రోగ్రాంకి తెలుస్తుందండీ. కదపకపోతే ఎవరూ ఏమీ చెప్పలేదనుకుంటుంది. తప్పు నాదే ఆంటీ."

"అంటే నలభై అని పిల్ల చెబుతూనే ఉంది, దానికి వినిపించలేదా?"

"అంతేనండీ." అప్పటికప్పుడే గీత కింద 'పంపు' అని ఒక బటన్ పెట్టాడు. గుండీ కదిలినా కదలకపోయినా ఆ బటన్ నొక్కితే అంకె వెళ్తుంది.

"ఆ కత్తెర ఇలా ఇయ్యవోయ్," అన్నాడు నాన్న. "ఏమీ కాకపోయినా ఎవర్నో పొడిచేలా ఉన్నావు."

ఆ రోజు నుంచీ డ్యూటీ దిగగానే బోర్డు అబ్బాయి ఇంటికి రావడం మొదలైంది. అమ్మాయి కోసమని ఇంకో స్లైడర్ చేశాడు. పైన 'జోకు ఎలా ఉంది?' అని ఉంటుంది. అతను జోకు చెప్పి ఊపిరి బిగబట్టి కూర్చుంటే, ఆమె చాలాసేపు ఆలోచించినట్టు నటించి గుండీని నాలుగు దగ్గర ఆపేది.

"నూటికి నాలుగా! కష్టపడి గుర్తుపెట్టుకుని వచ్చానండీ!"

గుండీ మూడుకి జరిగేది.

నోరు మెదపకుండా ఒక ఆడపిల్ల ఇంత నవ్వగలదని అమ్మకి తెలియదు. వంటింటి గుమ్మంలోంచి చూస్తుంటే సంతోషమేసేది, వెంటనే భయమేసేది. ఇంత నవ్వాక ఏదో ఒకటి జరగకుండా ఉంటుందా?

జరిగింది. పదిహేనో రోజు సాయంత్రం బయట వాన కురుస్తుంటే బోర్డు అబ్బాయి ల్యాప్‌టాప్ ముందు కాసేపు ఏదో టకటకలాడించాడు. "నేను వెళ్ళాక చూడండి" అని ఒక్క మాట అమ్మాయితో అని, గొడుగు అక్కడే మర్చిపోయి, వానలో తడుస్తూ వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అమ్మాయి సాయంత్రమయ్యేసరికి తల దువ్వుకుని కూర్చునేది, తలుపు చప్పుడైతే చూసేది, పాలవాడని తెలిసి ముఖం తిప్పుకునేది. నాలుగు రోజులకి తల దువ్వుకోవడం మానేసింది. నొప్పి స్లైడర్ రోజూ సున్నా చూపించేది. ఆ సున్నా చూస్తే అమ్మకి అరవై కంటే ఎక్కువ భయమేసేది.

మూడు వారాలు నిండాయి. డాక్టరు లైటు వేసి చూసి, "చక్కగా మానింది. ఏదీ, ఒక్క మాట అనమ్మా," అన్నాడు.

అమ్మాయి నోరు తెరిచింది. మూసేసింది. తల అడ్డంగా ఊపింది.

"భయం. ఇంటి దగ్గర నెమ్మదిగా ప్రయత్నించనివ్వండి. రోజుకి రెండు మూడు మాటలు చాలు."

మూడు రోజులు గడిచాయి. ఒక్క మాట లేదు. ఇల్లంతా నాన్న గడియారాల టిక్కుటిక్కులే. చాలామందికి వస్తుందన్నాడు డాక్టరు. ఆ మిగిలినవాళ్ళలో తన కూతురుందా అని అమ్మ వంటింట్లో ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

షాపు సెలవు రోజు పొద్దున, పాత అంకెలన్నీ ఓసారి చూద్దామని అమ్మ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఎక్కడ నొక్కిందో ఏమో, ఇంతకుముందెప్పుడూ చూడని కిటికీ ఒకటి తెరుచుకుంది. అమ్మ కూడబలుక్కుంటూ చదివింది.

'నేనంటే మీకు ఎంత ఇష్టం? జవాబు ఈ గీత మీదే చెప్పండి. ఇష్టం లేకపోతే ఏమీ చెప్పకండి. నాకర్థమవుతుంది. మళ్ళీ అడిగి ఇబ్బంది పెట్టను.'

కింద గీత. గుండీ కుడి చివర ఉంది. పక్కన వంద.

వెనక్కి తిరిగితే అమ్మాయి నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు. నోటుపుస్తకం లాక్కుని గబగబా రాసింది.

'వంద చెప్పినా రాలేదు. గొంతు లేనిదాన్ని కదా, జాలిపడి అడిగుంటాడు. జవాబు చూసి భయపడి ఉంటాడు. ఇంక నేనెవరితో మాట్లాడాలి?'

ఇంకో రోజైతే అమ్మ తనూ కూర్చుని ఏడ్చేదే. కానీ ఆమె కళ్ళు ఆ గీత కిందే ఏదో వెతుకుతున్నాయి. గుండీలు కుట్టే మనిషికి ఉండాల్సినచోట గుండీ లేకపోతే తెలిసిపోతుంది.

"దీనికి పంపు బటన్ ఏదే?"

అమ్మాయి చూసింది. లేదు.

"పోనీ ఈ గుండీ నువ్వే జరిపావా?"

అమ్మాయి తల అడ్డంగా ఊపి రాసింది. 'తెరిచేసరికే వంద దగ్గర ఉంది. నా జవాబూ అదే. ముట్టుకుంటే తొంభై తొమ్మిదికి జారిపోతుందేమోనని భయమేసి ముట్టుకోలేదు.'

"ఓసి నా పిచ్చితల్లీ!" అమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "కదపకపోతే ఎవరూ ఏమీ చెప్పలేదనుకుంటుందే అది! ఆరోజు నేను కత్తెరతో పరిగెత్తుకొచ్చింది దేనికీ?"

నాన్న మొదటిసారి భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"అయితే ఇప్పుడు ఓసారి కదిపి పెట్టేస్తే పోదూ?"

"వద్దు! దారిలో తొంభై తొమ్మిది వెళ్ళిందనుకోండి, ఆ ఒక్కటీ ఎందుకు తగ్గిందా అని ఆ పిల్లాడు కుమిలిపోతాడు."

"అల్లుడికి కూడా నీ జబ్బు అంటించేస్తావేమిటే?"

అల్లుడన్న మాట నోటినుంచి వచ్చేసిందని తెలిసి నాన్న గబుక్కున భూతద్దం మళ్ళీ పెట్టేసుకున్నాడు. అమ్మ అప్పటికే గుమ్మం పక్కనున్న అతని గొడుగు తీసుకుని బయటపడింది.

వాన జోరుగా ఉంది. బస్ స్టేషన్ షెడ్డు కింద జనం, సామాను, తడి. అమ్మ ఎవరినైనా అడుగుదామని ఆగింది. అంతలో పైనున్న స్పీకరు గరగరలాడి మాట్లాడింది.

"ప్రయాణికులు గమనించగలరు. నాలుగవ నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు..."

అమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అది తన కూతురి గొంతు. ఇంట్లో మంచం మీద మూగగా కూర్చున్న పిల్ల గొంతు ఇక్కడ, వానలో, ఎవరెవరికో దారి చెబుతోంది.

కంప్యూటర్ గది తలుపు తోసేసరికి బోర్డు అబ్బాయి కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఆంటీ! ఏమైంది? ఆమెకి...?"

"ఆ గొంతెక్కడిది బాబూ?"

అతను తల దించుకున్నాడు. "పాత రికార్డింగులండీ. ముక్కలు ముక్కలు కోసి అతికించాను. పైవాళ్ళు వేరే గొంతు పెట్టెయ్యమన్నారు. నేను పెట్టలేదు."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. వాన నీళ్ళో ఏవో ఆమెకే తెలియదు.

"ఆ చివరి స్లైడర్‌లో గుండీని వంద దగ్గర ఎందుకు పెట్టావు?"

బోర్డు ముఖంలో నాలుగు అక్షరాలూ ఒక్కసారే ఆరిపోయాయి. "మీరు చూశారా... సున్నా దగ్గర పెట్టడానికి చెయ్యి రాలేదండీ. యాభై పెడితే బేరం ఆడినట్టుంది. అక్కడ పెట్టి చూసుకుంటే బాగుందనిపించింది. ఆమె ఏమీ చెప్పలేదు. ఫరవాలేదండీ, నాకర్థమైంది."

"నీకేం అర్థమైంది, నీ మొహం! పంపు బటన్ పెట్టావా దానికి?"

అతను గబగబా తన కంప్యూటర్‌లో ఆ ప్రోగ్రాం తెరిచి చూశాడు. గోడ మీది బోర్డుల్లో బస్సులు మారుతున్నాయి.

"పాత కాపీ..." అన్నాడు చివరికి. "కంగారులో పాతదాన్నే కాపీ చేశానండీ. బటన్ పెట్టకముందుది."

"పిల్ల దాన్ని జరపలేదు బాబూ. ఉన్నచోటే ఉండాలని ముట్టుకోలేదు."

అతను గోడకి ఆనుకున్నాడు. అమ్మ అతన్ని చూస్తూ, ఇన్నాళ్ళుగా మింగలేక కక్కలేక ఉన్న మాట బయటపెట్టింది.

"దాని గొంతు రాకపోతే? డాక్టరు చాలామందికి వస్తుందన్నాడు. అందరికీ అనలేదు. ఇప్పుడు సరేనని, నాలుగేళ్ళు పోయాక విసుగొస్తే?"

అతను ఈసారీ నవ్వలేదు. "రాకపోతే స్లైడర్లు చేస్తూ ఉంటానండీ. ప్రతిదానికీ బటన్ పెడతాను."

ఇద్దరూ ఒకే గొడుగు కింద వచ్చారు. అమ్మకి వాన తగలకూడదని గొడుగు మొత్తం ఆమెవైపే పట్టాడేమో, అతను నిలువునా తడిసిపోయాడు. జలుబు చేస్తుందేమోనని దారంతా అమ్మ చెబుతూనే ఉంది.

అమ్మాయి ముందు గదిలో, నాన్న బల్ల పక్కన నిలబడి ఉంది. తల దువ్వుకుంది. అతన్ని చూడగానే చెయ్యి నోటుపుస్తకం కోసం వెతికింది. పుస్తకం నాన్న మోచేతి కింద ఉంది. నాన్న మోచెయ్యి తియ్యలేదు.

బోర్డు అబ్బాయి గుమ్మంలోనే ఆగిపోయాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఈసారి గీతా లేదు, గుండీ లేదు," అన్నాడు. "నేరుగా అడుగుతున్నాను. నేనంటే మీకు ఎంత ఇష్టం?"

అమ్మాయి నోరు తెరిచింది. గాలి మాత్రమే వచ్చింది. కళ్ళు బెదిరిపోయాయి. అమ్మవైపు చూసింది.

అమ్మ గుండెలో పేలని పటాసంటూ లేదు. మాట రాకపోతే? వచ్చి మళ్ళీ పోతే? ఇప్పుడు బలవంతం చేసి మానినది చిట్లితే? 'వద్దులే తల్లీ, రాసి చూపించు' అన్నది నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, దాన్ని లోపలే ఆపింది.

గడియారాలు కొట్టుకుంటున్నాయి. ఒకటి ముందు, ఒకటి వెనక. చూరు నుంచి వాన చుక్కలు. ఎవరూ కదల్లేదు.

అమ్మాయి కళ్ళు మూసుకుంది. గొంతు మీద చెయ్యి వేసుకుంది. ఊపిరి తీసుకుంది.

"వంద," అంది.